ధరల పద్దు హోదాగా మారిన వైనం

ఖరీదైన వైన్ల గురించి తెలిసినవాళ్లు మాట్లాడుకుంటే ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రస్తావన రాక తప్పదు, బోర్డో మాటెత్తితే 1855 రాక తప్పదు. ఆ ఏడాది పారిస్‌లో మూడో నెపోలియన్ ప్రభుత్వం అంతర్జాతీయ ప్రదర్శన పెట్టింది. అందులో ఉంచడానికి తమ ప్రాంతపు మేలైన వైన్ల జాబితా తయారుచేసే పనిని బోర్డో వాణిజ్య మండలి రైతులకూ ఇవ్వలేదు, రుచి చూసే నిపుణులకూ ఇవ్వలేదు. వైన్ దళారుల సంఘానికి అప్పగించింది. ఏప్రిల్ 5న ఉత్తరం వెళ్లింది, 18న జవాబు వచ్చింది. పని అంత త్వరగా తెమిలిందంటే కారణం, దళారులు కొత్తగా ఏదీ రుచి చూడనక్కర లేకపోవడమే. ఏ తోట వైన్ ఎంత ధర పలుకుతూ వస్తోందో వాళ్ల పద్దు పుస్తకాల్లో ఏళ్ల తరబడి లెక్క ఉంది. నాలుగు పీపాలు కలిపి ఒక ‘తొన్నో’, అంటే 900 లీటర్లు. ధర ఆ కొలత మీదే కట్టేవారు. మొదటి తరగతి వైన్ తొన్నోకు 3,000 ఫ్రాంకుల దాకా పలికితే, అయిదో తరగతి దాదాపు అందులో సగం పలికేది. బోర్డోలోని మెడాక్ ప్రాంతపు ఎర్ర వైన్లను ఆ మెట్ల ప్రకారమే అయిదు తరగతులుగా విడదీశారు. గ్రావ్ ప్రాంతం నుంచి ఓ బ్రియాన్ ఒక్కదాన్నే చేర్చారు. ఇది సున్నితమైన వ్యవహారమనీ, అధికారిక హోదాలు కట్టబెట్టడం తమ ఉద్దేశం కాదనీ ఆ జవాబులోనే రాసుకున్నారు. ఆ పద్దు రాసిననాడు తప్పేమీ లేదు. దాన్ని దిద్దకుండా హోదాగా నిలబెట్టడంతోనే చిక్కు వచ్చింది. మారుతున్నంతకాలం ధర నాణ్యతకు సాక్ష్యం చెబుతుంది. హోదాగా బిగుసుకుపోయాక ఆ హోదాయే ధరను నిర్ణయించడం మొదలుపెడుతుంది.

దళారుల లెక్కను కొట్టిపారేయలేం, దాని వెనక సుమారు రెండు శతాబ్దాల కొనుగోళ్ల అనుభవం ఉంది. బోర్డో 1154 నుంచి 1453 దాకా ఇంగ్లండ్ రాజుల చేతుల్లో ఉండటంతో అక్కడి వైన్‌కు లండన్ పాత బేరమే. అయితే చాలాకాలం అది ప్రాంతం పేరుతోనే అమ్ముడయ్యేది, ఏ తోటదో అడిగేవారు తక్కువ. 17వ శతాబ్దంలో పోంతాక్ కుటుంబం తమ ఓ బ్రియాన్ తోట వైన్‌ను ఆ తోట పేరుతోనే అమ్మడంతో ఈ పద్ధతి మారింది. 1663 ఏప్రిల్‌లో ఇంగ్లిష్ డైరీ రచయిత సామ్యూల్ పీప్స్ లండన్‌లోని ఒక మద్యశాలలో దాన్ని తాగి, అంతకుముందెన్నడూ ఎరగని ప్రత్యేకమైన రుచి అని డైరీలో రాసుకున్నాడు. తత్వవేత్త జాన్ లాక్ 1677లో ఆ తోటకే వెళ్లి ఇసుకా గులకరాళ్లూ కలిసిన బీద నేలను చూశాడు. ధర పెరగడానికి ఇంగ్లండ్ ధనవంతుల మోజే కారణమని గ్రహించాడు. 1787లో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ బోర్డో వచ్చినప్పుడు అన్నిటికన్నా మేలైనవిగా గుర్తించిన మార్గో, లటూర్, ఓ బ్రియాన్, లఫీట్‌లే 1855లోనూ మొదటి తరగతిలో నిలిచాయి. తాగినవాళ్ల అభిప్రాయం తరతరాలుగా డబ్బు రూపంలో పేరుకుని ఈ జాబితా అయింది.

గుంటూరు మిర్చి యార్డులో కాయను విరిచి, రంగూ తొడిమా చూసి ధర కడతారు. ఆ ధర ఆ రోజు సరుకుకే, ఒక రైతు కుటుంబానికి తరతరాలకూ అదే గ్రేడు రాసివ్వరు. బోర్డోలో మాత్రం సరిగ్గా అలా తరతరాలకూ రాసిచ్చారు. 1855 జాబితాలో తర్వాత వచ్చిన ముఖ్యమైన మార్పులు రెండే. అదే ఏడాది కాంతెమెర్ల్‌ను అయిదో తరగతిలో చేర్చారు. 1973లో మూటన్ రోత్‌షీల్డ్‌ను రెండో తరగతి నుంచి మొదటిదానికి పెంచారు. ఆ ఉత్తర్వుపై సంతకం చేసినవాడు అప్పటి వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్. ఈ మధ్యలో ఫిలాక్సెరా పురుగు తోటల్ని తుడిచిపెట్టింది, అమెరికా వేళ్లపై అంటుకట్టి తీగల్ని మళ్లీ నాటారు, యజమానులు చేతులు మారారు. హోదా నేలకు కాక పేరుకు దక్కింది కాబట్టి, ఒక షాతో (వైన్ ఎస్టేటు) తన గ్రామ పరిధిలో పక్కవాడి తోట కొనుక్కుంటే ఆ ద్రాక్షా పాత హోదా కిందికే వస్తుంది. బర్గండీలో ఇందుకు భిన్నంగా హోదా నేలదే. అయితే 50 హెక్టార్ల క్లో ద వూజోను దాదాపు 80 మంది పంచుకున్నారు. సీసా మీద ఆ నేల పేరు చూసి చేసినవాడి పనితనాన్ని ఊహించలేం.

‘మొదటి తరగతి వైన్లు నేటికీ అగ్రస్థానంలోనే ఉన్నాయిగా, జాబితా సరైనదేగా’ అనేవారున్నారు. అవి గొప్పవే. అయితే ఆ గొప్పదనంలో కొంత ఆ ధరే కొనిపెట్టింది. ఎక్కువ ధర వచ్చేవాడే ద్రాక్షను ఒక్కో పండూ చూసి ఏరగలడు, తనకు నచ్చని పీపాల్ని లటూర్ చేసినట్టు రెండో పేరుతో అమ్ముకోగలడు. కింది మెట్లలో లెక్క మరింత తప్పుతుంది. అయిదో తరగతి లించ్ బాజ్ ఈనాడు రెండో తరగతిలోని కొన్నిటికన్నా ఎక్కువ పలుకుతోంది. నది అవతల పోమెరోల్‌లోని పెట్రూస్ ఆ జాబితాలోనే లేదు, అయినా దాని ధర మొదటి తరగతిని మించిపోతుంది.

‘పేరు దాచి రుచి చూస్తే సరి’ అనేది రెండో వాదన. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ అదే చేశాడు. ఫ్రెంచి న్యాయనిర్ణేతలు మూటన్, ఓ బ్రియాన్‌లను కాదని కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు మొదటి స్థానం ఇచ్చారు. పేరుకున్న భ్రమను ఆ పరీక్ష బద్దలుకొట్టిన మాట నిజమే. అయినా అది ఒక మధ్యాహ్నం తీర్పు, నాలుక కూడా మోసపోతుంది. పరిశోధకుడు ఫ్రెడెరిక్ బ్రొషే 2001లో ప్రచురించిన ప్రయోగంలో 54 మంది వైన్ విద్యార్థులు ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్‌ను ఎర్ర వైన్ మాటల్లోనే వర్ణించారు. ఒక్క గుక్కలో తేలే విలువ కన్నా, ఏటా డబ్బు పెట్టి కొని, నిల్వచేసి, మళ్లీ కొన్నవారి అభిప్రాయమే గట్టిది.

అభిప్రాయాన్ని దిద్దుతూ పోతే గొడవలు వస్తాయి కదా అంటే, వస్తాయి. బోర్డోలోనే ఉన్న సెంట్ ఎమిలియాన్‌లో 1955 నుంచి తమ వైన్ల జాబితాను తిరగరాస్తున్నారు. 2006 నాటి సవరణ కోర్టుల్లో చిక్కుకుని రద్దయింది. 2022 జాబితాకు ముందే ఓజోన్, షెవాల్ బ్లాన్ షాతోలు తప్పుకున్నాయి. ఇన్ని తగాదాలున్నా ఆ పద్ధతే మేలు, స్థానం పోగొట్టుకునే అవకాశం ఉన్నచోటే స్థానానికి అర్థం ఉంటుంది. 1855 దళారులు చేసిన పనిలో కలకాలం నిలవదగ్గది వాళ్ల జాబితా కాదు, వాళ్ల పద్ధతి. సీసా మీది తరగతి ఒకనాడు కొన్నవాళ్లు ఏమనుకున్నారో చెబుతుంది. ఇప్పుడు దానికి ఎంత ఇవ్వాలో మాత్రం చేసినవాడి ఇటీవలి పనే చెప్పాలి.