గానుగ సున్నం కట్టిన లోగిళ్ళు

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా పల్లెల్లో పంటతోపాటు సంపదా పెరిగింది. కలిగిన కుటుంబాలు మండువా లోగిళ్ళు కట్టుకున్నాయి: నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, పైన పెంకుల కప్పు.

ఆ గోడల బలమంతా గానుగ సున్నానిదే. కాల్చిన సున్నపురాయినో ఆల్చిప్పలనో నీళ్ళు చల్లి విరిచి, ఇసుక కలిపి, గుండ్రటి కాలువలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద మెత్తగా నూరేవారు; అదే గానుగ. కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు అందులో పోసేవారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ సున్నం మళ్ళీ రాయిగా మారుతుంది. ఇందుకు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడతాయి. గోడ కాస్త కదిలినా అది తట్టుకుంటుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. తొందరపడితే చెడిపోయే పని ఇది. ఆనాటి తాపీ మేస్త్రీల ఓర్పు మెచ్చదగినది.

పైకప్పులూ మారాయి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పెంకుల కర్మాగారం మొదలయ్యాక, చేత్తో చేసిన గూనపెంకుల చోటికి మంగుళూరు పెంకులు క్రమంగా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో త్వరగా గట్టిపడే సిమెంటు విరివిగా దొరకడంతో గానుగలు ఆగిపోయాయి.

పాత లోగిలిని పడగొట్టినా టేకు దూలాలు, ద్వారబంధాలు తిరిగి అమ్ముడవుతాయి. నిలిచివున్న సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే మాత్రం చెమ్మ లోపలే చిక్కుకుని ఇటుక రాలిపోతుంది. మరమ్మతుకూ సున్నమే కావాలి.