తివాచీ ఎందుకు వదులవుతుంది, జంఖానా ఎందుకు ఉబ్బుతుంది? ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన విషయాలు

రంజాన్‌కు వారం ముందు మన ఇళ్లల్లో ఒక పని తప్పకుండా ఉంటుంది. బీరువా మీద, మంచం కింద పెట్టిన జంఖానాలు, తివాచీలు బయటికి తీసి దులుపుతాం. పరిచి చూస్తే నిరుడు చదునుగా ఉన్నది ఈసారి మధ్యలో ఉబ్బి ఉంటుంది. ఒక మూల పైకి లేచి ఉంటుంది. లేదా అంచు అలలు అలలుగా ఉంటుంది. "పాతదైపోయింది, అంతే" అని వదిలేస్తాం. కానీ పాతబడటం ఒక్కటే కారణం కాదు. నానీల కాలం నాటి జంఖానా ఇంకా చదునుగా ఉన్న ఇళ్లున్నాయి. కొన్న రెండేళ్లకే కార్పెట్ ఉబ్బిపోయిన ఇళ్లూ ఉన్నాయి.

ఇది ఇంటి అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. రెండేళ్ల కింద మా దాదీ ఫజ్ర్‌కు లేచి వుజూకు వెళ్తుంటే హాల్లో కార్పెట్ మడత కాలికి తట్టుకుంది. పడిపోయారు, మణికట్టు విరిగింది. ఆ మడత నెల రోజులుగా అక్కడే ఉంది, అందరం దాన్ని దాటుకుంటూ తిరిగినం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కిందపడటం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో ఎక్కువ ముప్పు 60 ఏళ్లు దాటినవాళ్లకే. అందుకే ఈ విషయం వివరంగా.

మన ఇళ్లల్లో ఉండే రకాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ వరకు వరంగల్ జిల్లాలోనే ఉండేవి. కాబట్టి మన ఇళ్లకు జంఖానా అంటే వరంగల్ జంఖానాయే. కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ నూలు జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మొఘల్ సైన్యాల వెంట వచ్చిన నేతగాళ్లతో ఇక్కడ తివాచీ పని మొదలైందని చెప్తారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి.

ఇప్పుడు మన ఇళ్లల్లో, మసీదుల్లో నాలుగు రకాలు కనిపిస్తాయి.

1. జంఖానా, షత్రంజీ: పడుగు, పేక రెండూ నూలే. కుచ్చు ఉండదు, రెండు వైపులా వాడుకోవచ్చు.

2. ముడుల తివాచీ, అంటే ఖాలీన్: నూలు పడుగు మీద ఉన్ని ముడులు వేసి నేస్తారు. వెనక్కి తిప్పితే ముడులు కనిపిస్తాయి.

3. మిషన్ కార్పెట్: సింథటిక్ దారం కుచ్చు ఉంటుంది. చాలావాటికి వెనక జిగురు పూసి, దాని మీద జనపనార గుడ్డో ప్లాస్టిక్ గుడ్డో అంటిస్తారు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది ఇదే.

4. గోడ నుంచి గోడ దాకా పరిచేది: కొన్ని మసీదుల్లో, ఆఫీసుల్లో ఉంటుంది. సౌదీ, దుబాయ్ వెళ్లొచ్చిన మనోళ్లు దీన్ని 'మోకెట్' అంటారు.

అసలు కారణం: బిగుతు సమానంగా లేకపోవడం

మగ్గం మీద పడుగు దారాలన్నీ ఒకే బిగువులో ఉంటేనే జంఖానా చదునుగా వస్తుంది. ఆ తర్వాత ఒక భాగం ముడుచుకుని ఇంకో భాగం సాగితే ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి. అదే ఉబ్బు, అదే మడత.

దీన్ని కంటితోనే గుర్తుపట్టొచ్చు. మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఉబ్బితే అంచులు ముడుచుకుని పొట్టిగా అయ్యాయని అర్థం. మధ్య చదునుగా ఉండి అంచులు అలల్లా ఉంటే అంచులు సాగిపోయాయని అర్థం. అడ్డంగా ఒకే పొడుగాటి మడత ఉంటే నేతలో లోపం ఏమీ లేదు, ఎవరో లాగారు లేదా నడకకు జరిగింది. మొత్తం బాగుండి అక్కడక్కడ బుడగల్లా లేస్తే జిగురు వదిలింది.

తేమ

నూలు దారం నీళ్లు పీల్చుకుంటే లావెక్కుతుంది. లావెక్కిన కొద్దీ నేతలో దారం ఎక్కువ వంపు తిరుగుతుంది, పొడవు తగ్గుతుంది. ఆరిన తర్వాత పూర్తిగా పాత కొలతకు రాదు. జనపనార గుడ్డ కూడా తడిస్తే ముడుచుకుంటుంది. మిషన్ కార్పెట్ పైన ఉండే సింథటిక్ దారం మాత్రం నీళ్లు దాదాపు పీల్చదు. అందుకే పైన కుచ్చు అట్లనే ఉంటుంది, కింద గుడ్డ ముడుచుకుంటుంది, కార్పెట్ చదును పోతుంది.

నీళ్లు పైనుంచే రావాలని లేదు. బండలు పరిచిన పాత ఇళ్లల్లో వానాకాలం నేల నుంచే చెమ్మ వస్తుంది. మీ ఇంట్లో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక ప్లాస్టిక్ కవర్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు వదిలేయండి. కవర్ కింద నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ నేలదే. అట్లాంటి గదిలో వానాకాలమంతా తివాచీ పరిచి ఉంచొద్దు.

ఆరేసే తీరు

మనం ఎక్కువగా చేసే తప్పు ఇదే. జంఖానా ఉతికి పిట్టగోడ మీదనో తీగ మీదనో సగానికి వేసి వదిలేస్తాం. తడి జంఖానా చాలా బరువు ఉంటుంది. ఆ బరువంతా గోడ తాకే ఒక్క గీత మీద పడుతుంది, అక్కడ దారాలు సాగుతాయి. కిందికి వేలాడే అంచులకు నీళ్లు దిగి అవి ఆలస్యంగా ఆరుతాయి. సాగింది ఒక చోట, ముడుచుకుంది ఇంకో చోట. చదునుగా ఎట్లా ఉంటుంది?

మిద్దె మీద శుభ్రమైన చోట, లేదా నవారు మంచం మీద చదునుగా పరచడం మంచిది. సగం ఆరాక ఇద్దరు ఎదురెదురుగా నిలబడి నాలుగు మూలలూ సమానంగా లాగి, తిరగేసి ఆరబెట్టాలి.

బరువు, లాగుడు, నడక

కార్పెట్‌కు ఒక చివర సోఫా, ఇంకో చివర దివాన్ పెడితే మధ్యది బందీ అవుతుంది. కొంచెం జరిగినా పోవడానికి చోటు ఉండదు, పైకి లేస్తుంది. దాని మీద నుంచే కూలర్‌నో బీరువానో జరిపితే ముందు వైపు మడత పడుతుంది, వెనక వైపు సాగుతుంది. ఎప్పుడైనా సామాను ఎత్తి పెట్టాలి, లాగొద్దు.

నడక కూడా జరుపుతుంది. కుచ్చు ఉన్న కార్పెట్‌ను చేత్తో నిమిరితే ఒక వైపుకు నున్నగా, ఇంకో వైపుకు గరుకుగా ఉంటుంది. నునుపు టైల్స్ మీద అడుగు పడ్డప్పుడల్లా అది నున్నగా ఉన్న వైపుకు కొంచెం కొంచెం జరుగుతుంది. ఆ వైపు గోడో సోఫానో అడ్డం ఉంటే అక్కడ మడత పడుతుంది. రోజూ సర్దినా మళ్లీ అదే చోట మడత వస్తుందంటే కారణం ఇదే.

జిగురు, ఎండ

మిషన్ కార్పెట్ వెనక పూసిన రబ్బరు జిగురుకు ఆయుష్షు ఉంటుంది. మన ఎండాకాలం వేడి, నీళ్లు, గట్టి సబ్బులు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కార్పెట్ ఎత్తినప్పుడు కింద పొడి రాలి ఉంటే అది దుమ్మే అనుకోకండి, వేళ్లతో నలిపి చూడండి. ఇసుకలా గరగర లేకుండా పిండిలా ఉంటే జిగురు చచ్చిపోతోందని గుర్తు. అంచులు పట్టుకుని గట్టిగా విదిలించడం, కర్రతో బాదడం వల్ల పొరలు ఇంకా తొందరగా విడిపోతాయి.

దుమ్ము

భూపాలపల్లిలో గనుల దగ్గర కాలనీల్లో బొగ్గు ధూళి, జనగామ వైపు ఎర్ర దుమ్ము ఇంట్లోకి రాక తప్పదు. సన్న ఇసుక రేణువులు కుచ్చు అడుగుకు దిగి, అడుగు పడ్డప్పుడల్లా దారాన్ని కోస్తాయి. ఎక్కువ నడిచే దారిలో పడుగు బలహీనమై వదులవుతుంది. వారానికోసారి తిరగేసి, వెనక వైపు చేత్తో తట్టి, నేల మీద రాలిన దుమ్ము ఊడిస్తే చాలు.

తహారత్ కోసం కడిగేటప్పుడు

చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది తరచూ వచ్చే సమస్య. పిల్లవాడు మూత్రం పోస్తే బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరిస్తాం. పిండలేని వస్తువును మూడుసార్లు కడిగి, ప్రతిసారి చుక్కలు కారడం ఆగేదాకా ఉంచాలని హనఫీ ఫిఖ్‌లో ఉంది. అది చేస్తూనే తివాచీని కాపాడుకోవచ్చు. మొదట పొడి గుడ్డతో అద్ది తడిని పీల్చేయండి. తర్వాత మొత్తం కాకుండా ఆ భాగాన్నే బయటికి తెచ్చి కడగండి. చుక్కలు కారడానికి గోడ మీద వేలాడేసే బదులు ఏటవాలుగా పెట్టిన మంచం మీద పరచండి. మీ ఇంటి తివాచీకి ఏ పద్ధతి సరిపోతుందో సందేహం ఉంటే ఇమామ్ సాబ్‌ను అడగండి.

వరద నీటిలో తడిస్తే

2023 జులై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. ఇట్లాంటప్పుడు ఇంట్లో పరుపులు, తివాచీలు తడవక తప్పదు.

శుభ్రమైన వాన నీటితో తడిస్తే 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలి. దాటితే బూజు పడుతుంది. మురుగు కలిసిన నీళ్లలో మునిగిన మిషన్ కార్పెట్‌ను దాచుకోవద్దు. దాని పొరల మధ్య మురికి మనం ఎంత కడిగినా పోదు, పిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇబ్బంది పడతారు. నూలు జంఖానాను మాత్రం సబ్బు పెట్టి బాగా ఉతికి, మంచి ఎండలో ఆరబెట్టి వాడుకోవచ్చు. కొలత కొంచెం తగ్గుతుంది, అంతే.

ఏది బాగవుతుంది, ఏది కాదు

నడకకు, లాగుడుకు వచ్చిన మడత పూర్తిగా పోతుంది. కార్పెట్ ఎత్తి, కింద రబ్బరు జాలీ షీటు వేసి మళ్లీ పరచండి. ఆరు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపుకు తిప్పండి, అరుగుడు సమానమవుతుంది.

చుట్టి పెట్టడం వల్ల లేచిన మూలను ఎదురు వైపుకు వదులుగా చుట్టి ఒక రాత్రి ఉంచి, తర్వాత బరువు పెడితే దిగుతుంది. జంఖానా కొంచెం ఉబ్బితే నీళ్లు చిలకరించి, సమానంగా లాగి, చదునుగా బరువు పెట్టి ఆరనివ్వండి. చాలావరకు సర్దుకుంటుంది. అంచు కుట్టు ఊడితే వెంటనే కుట్టించాలి. ఆలస్యమైతే పేక దారాలు ఊడుకుంటూ పోతాయి.

గోడ నుంచి గోడ దాకా ఉన్నదానికి పద్ధతి వేరు. అమెరికా లాంటి చోట్ల గోడల వెంట మేకుల చెక్కలు కొట్టి, సాగదీసే యంత్రంతో బిగించి తగిలిస్తారు. వదులైతే మళ్లీ సాగదీస్తారు. మన దగ్గర ఎక్కువగా జిగురుతో అంటిస్తారు లేదా ఊరికే పరుస్తారు, అందుకే అది లేచిన చోట మళ్లీ జిగురు పెట్టించాల్సి వస్తుంది.

జిగురు పొడిగా రాలిపోయిన మిషన్ కార్పెట్ మాత్రం బాగు కాదు. దాని మీద మళ్లీ మళ్లీ డబ్బులు పెట్టడం దండగ.

కొనేటప్పుడు

దుకాణంలో చుట్ట మీద చూసి కొనొద్దు. నేల మీద పూర్తిగా పరిపించండి. రెండు నిలువు అంచులనూ కొలవండి, తర్వాత మధ్యలో మడిచి సగం మీద సగం వేసి అంచులు కలుస్తున్నాయా చూడండి. కొత్తప్పుడే తేడా ఉంటే తర్వాత పెరుగుతుందే గాని తగ్గదు. మిషన్ కార్పెట్ అయితే ఒక మూలను వెనక్కి వంచండి. గుడ్డ పొర లేస్తే, పొడి రాలితే వదిలేయండి. దాచేటప్పుడు మడత పెట్టకుండా చుట్టి, చుట్టను నిలబెట్టకుండా పడుకోబెట్టండి.

పెద్దవాళ్లున్న ఇంట్లో

పడక గది నుంచి వుజూ చేసే చోటు దాకా ఉన్న దారిలో తివాచీ లేకుండా చూడండి. ఆ దారిలో రాత్రంతా ఒక చిన్న లైటు వెలగనివ్వండి. జానమాజ్‌ను నునుపు టైల్స్ మీద నేరుగా వేయకుండా కింద జారని షీటు పరచండి, సజ్దా నుంచి లేచేటప్పుడే ఎక్కువ జారుతుంది. లేచిన మూల కనిపిస్తే దాటిపోకుండా అప్పుడే సరిచేయండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ దారిలో ఏమీ పరచం. దాదీ చేయి అతుక్కుంది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ మడతను మొదటి రోజే సరిచేసి ఉంటే సరిపోయేది.