ఒక గ్రాము యెన్

జపాను ఒక యెన్ నాణెం సరిగ్గా ఒక గ్రాము తూగుతుంది. అంతా అల్యూమినియమే. 1871లో యెన్ పుట్టినప్పుడు దాని విలువ ఒకటిన్నర గ్రాముల మేలిమి బంగారం. బంగారం నుంచి అల్యూమినియానికి దిగివచ్చిన ఈ దారిలో ఒక తరం కూడబెట్టుకున్న సొమ్ము కరిగిపోయింది.

లోహాలన్నీ యుద్ధానికే చాలని స్థితిలో, 1945లో సెతో, క్యోటో, అరిత ఊళ్ళలో పింగాణీతో నాణేలు తయారుచేశారు. అవి చలామణీలోకి రాకముందే జపాను ఓడిపోయింది. ఆ వెంటనే ధరలు మండిపోయాయి. 1946 ఫిబ్రవరిలో ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లను స్తంభింపజేసి, పాత నోట్లకు బదులు 'కొత్త యెన్' తెచ్చింది. దాచుకున్న డబ్బు ఖాతాలో ఉండగానే దాని విలువ హరించుకుపోయింది.

తర్వాత వచ్చిన ఇత్తడి నాణేలకు యుద్ధంలో మిగిలిన తూటాల తొడుగులను కరిగించారు. 1949 నాటి ఐదు యెన్ల నాణెం చూడండి: నడుమ చిల్లు, దాని చుట్టూ పళ్ళచక్రం, పైన వరికంకి, కింద నీటి గీతలు. పరిశ్రమ, సేద్యం, చేపలవేట. ఓడిన దేశానికి మిగిలిన ఆశలు ఆ మూడే. ఆ ఏడు ఏప్రిల్‌లోనే డాలరుకు 360 యెన్‌ల మారకపు రేటు ఖాయమైంది. అది 1971 దాకా నిలిచింది.

1953 ముగిసేసరికి యెన్‌లో నూరోవంతైన సెన్ చెల్లుబాటు కాకుండా పోయింది. 1955లో అల్యూమినియం యెన్ వచ్చింది. దానిపై బొమ్మ ఒక లేతమొక్క. అది ఫలానా చెట్టుదని చెప్పలేం. పొదుపు చేసుకున్నవారికి పోయిన సొమ్ము తిరిగి రాలేదు. ఆ మొక్క మాత్రం నేటికీ అదే నాణెం మీద ఉంది.