కుండకు కారణమెవరు?

తర్కశాస్త్రము చదువబూనిన వానికి మొట్టమొదట ఎదురగునది కుండ. మన్ను దానికి ఉపాదానము, కులాలుడు నిమిత్తకారణము, దండచక్రములు సహకారులు. పదునెనిమిదవ యేట నేనీ మాటలను వల్లించితిని. నలుబది దాటువరకు పచ్చిమన్ను చేతబట్టి యెరుగను. మన చదువుల తీరు ఇట్టిది: ఉదాహరణమునకు కుండ కావలెను గాని, కుమ్మరి వాకిలి తొక్కనక్కరలేదు.

గడచిన వేసవి సెలవులలో ఆ కొరత కొంత తీరినది. హైదరాబాదునకు తూర్పున, మూసారాంబాగులో, ఒక యింటి క్రింది అంతస్తున కుండలపని నేర్పుచున్నారని విని చేరితిని. నేర్చుకొనువారము ఆరుగురము: బ్యాంకు ఉద్యోగిని యొకతె, కళాశాల విద్యార్థినులిద్దరు, ఒక వైద్యుడు, పింఛను పుచ్చుకొను వృద్ధురాలు, నేను. నేర్పునది చిత్రకళాశాలలో చదివిన యువతి. సారెలు విద్యుత్తుతో తిరుగును. మన్ను పిసికి లోని గాలిని వెడలించుట మొదటి పాఠము. తిరుగు సారె నడుమ ముద్దను చలింపకుండ నిలుపుట రెండవది. ఈ రెండవది చూచుటకు సులభము, చేయుటకు కఠినము. ముద్ద రవ్వంత ప్రక్కకు ఒరిగినను, గోడ ఒకవైపు లావై, మరియొకవైపు పలుచనై కూలును. నా కుండ ఆరుమారులు కూలినది.

అప్పుడు మాకు మన్ను సిద్ధపరచు వృద్ధుడొకడు వచ్చి నా చేతులపై తన చేతులుంచెను. ముద్ద నిలిచినది. ఆయన జన్మచేతను, వృత్తిచేతను కుమ్మరి. కుమారునకు ఈ విద్య నేర్పితివా యని అడిగితిని. "ఈ పని జేస్తే పిల్లనెవరిస్తరు సారూ?" అని నవ్వి, చేతులు కడుగుకొనుటకు పోయెను. ఆనాటినుండి ఆ మాట నన్ను విడువలేదు.

మేము కూర్చున్న పేటకే ఒక చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశీయుడగు రేమండు (1755–1798) నిజాం అలీఖానుని కొలువులో చేరి, వేలకొలది సిపాయిలకు ఐరోపా కవాతు నేర్పి, ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. ముస్లిములు ఆతని మూసా రహీమనియు, హిందువులు మూసా రామనియు పిలిచిరని ప్రతీతి. ఆ పేరే ఈ పేటకు నిలిచినది. ఆతని సమాధి అస్మాన్‌గఢ్ గుట్టపై నేటికిని ఉన్నది. మారణవిద్యకు సముద్రముల ఆవలివానిని గురువుగా అంగీకరించిన సమాజము, అన్నము వండుకొను కుండను చేయుట మాత్రము ప్రక్కవీధివానియొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడినది.

ఆ ప్రక్కవీధివాని విద్య ఎంత పాతది? మౌలాలీ పరిసరములలోని బృహచ్ఛిలా సమాధులు నిజాముల కాలమున త్రవ్వబడినవి. అట్టి సమాధులలో నలుపు ఎరుపు కలసిన కుండలు దొరకును. గాలి సోకిన చోట ఎరుపును, సోకని చోట నలుపును వచ్చునట్లు కాల్చు నేర్పు నాటి కుమ్మరులకు కలదు. మెదకు సీమలోని కొండాపురమున 1940 ప్రాంతమున యజ్దానీగారి పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో శాతవాహనులనాటి కుండలును, మంటిబొమ్మలును బయల్పడినవి. రాజుల పేర్లు నాణెములపై నిలిచినవి. కుండలు చేసినవారిలో ఒక్కని పేరైనను నిలువలేదు. రామాయణము రచించిన మొల్ల కుమ్మరియింటి ఆడుబిడ్డ యని సంప్రదాయము చెప్పును. ఆమె పేరు నిలిచినది కావ్యముచేతనే గాని, కులవృత్తిచేత కాదు.

కుండను కళగా నేర్పు పద్ధతి మనకు దూరము తిరిగి వచ్చినది. 1919లో గురుచరణ్ సింగు ఢిల్లీనుండి జపానునకు పోయెను. ఆతడు భూగర్భశాస్త్రము చదివినవాడు, కుమ్మరి కాడు. అచ్చట బెర్నార్డు లీచి, హమాడా మొదలగువారితో పరిచయము కలిగెను. వారిరువురును 1920లో ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్సునకు పోయి కార్ఖానా స్థాపించిరి. గురుచరణ్ సింగు 1952లో ఢిల్లీలో తన కార్ఖానా తెరచెను. 1971లో అమెరికను దంపతులు రే మీకరు, డెబోరా స్మిత్తులు పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని ప్రారంభించి, ఎందరికో ఈ విద్య నేర్పిరి. నేటి మన నగరములలోని చిన్న తరగతులు ఈ త్రోవనే నడచుచున్నవి. ఇందు కులము అడుగరు. మన కుమ్మరిండ్లలో సాధారణముగా పురుషులకే పరిమితమైన సారె ముందు ఇచ్చట స్త్రీలు కూర్చుందురు. ఇది మేలే.

ఇక తర్కమునకు మరలుదము. పదునేడవ శతాబ్దివాడగు విశ్వనాథ పంచాననుని భాషాపరిచ్ఛేదము, కార్యమునకు కారణముగా తోచియు కారణము కానివానిని అన్యథాసిద్ధములని లెక్కించినది. వానిలో మన్ను మోసిన గాడిద యొకటి. కుమ్మరి తండ్రి యొకడు! కుమ్మరికి తండ్రి కావచ్చును గాని, కుండకు ఆతడు కారణము కాడని నైయాయికుల నిర్ణయము. అనగా పుట్టుక కుండను చేయదు, చేయు చేతులే చేయును. ఈ పాఠమును తరతరములుగా వల్లించిన మనమే, ఆ చేతులను పుట్టుకతో కట్టివేసితిమి.

అయినను ఆ వృద్ధుని చేతులు నా చేతులపై పడిన క్షణమున నాకొక సందేహము కలిగెను. ఆ చేతులకు ఆ నేర్పు ఎవరిచ్చిరి? ఆయన తండ్రియే గదా! జన్మనిచ్చిన తండ్రి అన్యథాసిద్ధుడు కావచ్చును. విద్య నేర్పిన తండ్రి కాడు. ఆ కుమ్మరియిల్లే మన మొదటి చిన్న తరగతి. దానికి రుసుము లేదు, ప్రశంసాపత్రము లేదు, గౌరవమును లేదు.

2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున కుమ్మరివృత్తియు చేరినది. శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భృతియు, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును ఏర్పరచిరి. మంచిదే. కాని ఆ వృద్ధుని ప్రశ్నకు ధనమొక్కటే బదులు కాజాలదు. పెండ్లిలో ఐరేని కుండలకు పసుపు కుంకుమలు పెట్టుదుము. బోనమును తలపై మోయుదుము. కుండ చేసినవానికి మాత్రము పీట వేయము. రుసుము చెల్లించి మనము నేర్చుకొన్నది కళ యగుచు, ఆతడు తండ్రియొద్ద నేర్చుకొన్నది కూలిపని యగుటకు హేతువేమి?

తరగతి ముగిసిన దినమున మేమార్గురము కలిసి, ఆ వృద్ధుని మూలనున్న మంటితొట్టి కడనుండి పిలిచి, గురువు సారె ప్రక్కనే మరియొక సారె ముందు కూర్చుండజేసితిమి. రానున్న తరగతినుండి ఆయనయు నేర్పుననియు, నేర్పువానికి తగిన జీతమే ఇత్తుననియు ఆ యువతి ఒప్పుకొనెను. ఇది చిన్న కార్యము. కాని మన్ను పిసుకనిదే ఏ కుండయు లేవదు.

నా కుండ ఇప్పుడు మా బడి గదిలో బల్లపై నున్నది. అది కొంచెము వంకర. తర్కము వల్లించు పిల్లలకు దానిని చూపి, "దీనికి కారణమెవరు?" అని అడుగుదును. నా పేరు చెప్పినవానికి సగము మార్కులే.