కొలిమి నుంచి బాసర దాకా

దక్షిణాదిలో సాంకేతిక విద్య చరిత్రను 1794లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో పెట్టిన సర్వే బడితో మొదలుపెట్టడం మనకు అలవాటు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి మూలం అదే. అందులో మొదట చేరినవాళ్ళు ఐరోపా సంతతి కుర్రాళ్ళు. సరిగ్గా ఆ ఏడే బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ ‘ఊట్జ్’ అనే ఉక్కు ముక్కల్ని లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. బడి పెట్టిన జాతి ఉక్కు విద్యను మన కమ్మరి దగ్గర ఆరా తీస్తున్నదన్నమాట! అందుకే నేను ఈ కథను మద్రాసు నుంచి కాక నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి నుంచి ఎత్తుకుంటున్నాను.

కమ్మర్‌పల్లి అంటే ఇవాళ పసుపు, పసుపు పరిశోధనా కేంద్రం. కానీ ఆ మండలంలోదే కోనసముద్రం. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన హెన్రీ వాయ్‌సీ ఆ ఊరి కొలుములను కళ్ళారా చూశాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసల్లో పెట్టి, మట్టితో మూతి బిగించి, బొగ్గుల్లో ఉంచి తిత్తులు ఊదేవాళ్ళు. తర్వాత నిదానంగా చల్లారనిచ్చేవాళ్ళు. ఈ ఉక్కు కోసం పారశీక వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చునేవాళ్ళు. తమ దేశంలో చేయబోతే కుదరలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఈ రకం ఉక్కులో కార్బన్ సుమారు 1 నుంచి 2 శాతం. ఏ రంగు మంటలో ఏమవుతుందో కంటితోనే తెలుసుకున్న శాస్త్రం అది. మైకేల్ ఫారడే అంతటివాడు 1819లో దాని గుట్టు కోసం ప్రయోగాలకు దిగాడు.

ఇంతవరకు చెప్పి ఛాతీ విరుచుకునే మేధావులున్నారు. నాకు ఆ సరదా లేదు. ఆ కొలిమి బడికీ ఒక గేటు ఉంది. దాని పేరు కులం. తిత్తి ఊదే పిల్లవాడికి విద్య పుట్టుకతో వచ్చేది, పుట్టుకతోనే ఆగిపోయేది. పక్కింటి పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా మూస ముట్టే వీలు లేదు. అడవుల మీద ఆంక్షలు బొగ్గు దొరకనివ్వలేదు. బెస్సెమర్ పద్ధతి (1856) తర్వాత చవక విదేశీ ఉక్కు ముంచెత్తింది. కొలిమి ఆరిపోయినప్పుడు దాన్ని అందుకోవడానికి ఆ కులం బయట చెయ్యి లేదు. కాగితం మీద అక్షరం కూడా లేదు. అక్షరాన్నీ సుత్తినీ వేరువేరు వాడల్లో పెట్టిన సమాజం అది. మనం సాహిత్య చరిత్రలో ఎన్నడూ లెక్కవెయ్యని నష్టం ఇది.

ఆ గేటును కొంతైనా తెరిచింది 2008లో పుట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం నోట అది ‘ట్రిపుల్ ఐటీ’. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో క్యాంపస్‌లు వచ్చాయి. బాసర అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని ఆరేళ్ళలో ఇంజనీర్లను చెయ్యాలన్నది ఏర్పాటు: రెండేళ్ళు ఇంటర్మీడియట్ స్థాయి చదువు, నాలుగేళ్ళు బి.టెక్. ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళ గ్రేడుకు 0.4 కలిపి ఎంపిక చేశారు. పేదరికాన్ని అంకెగా మార్చి లెక్కలోకి తీసుకున్న ఆ దశాంశం నాకు చాలా ఉపన్యాసాల కన్నా విలువైనదనిపిస్తుంది.

అయితే తెరిచిన గేటు దగ్గరే 2022 జూన్‌లో ఆ పిల్లలు ఎండకూ వానకూ వారం రోజులు కూర్చోవలసి వచ్చింది. పన్నెండు కోరికలు పెట్టారు: పూర్తికాలపు వైస్ ఛాన్సలర్, చాలినంత మంది అధ్యాపకులు, తినదగిన తిండి వంటివి. ఇందులో ఒక్కటీ విలాసం కాదు. చివరికి విద్యామంత్రి బాసర వచ్చి మాట్లాడాక విరమించారు. రైతుకూలీల పిల్లలు చదువు గురించి ఇంత క్రమశిక్షణతో మాట్లాడిన వారం మన కథకుల కంట ఎందుకు పడలేదో అడగాలి.

బాసరలో లోహశాస్త్ర విభాగం కూడా ఉంది. కోనసముద్రంలో చిట్టెం, విరిగిన మూసల పెంకులు శాస్త్రజ్ఞులకు నేటికీ ఆధారాలుగా దొరుకుతున్నాయి. ఆ పిల్లలను అక్కడికి తీసుకుపోయి ఒక పాఠం చెప్పడానికి బస్సు ఖర్చు తప్ప మరో ఖర్చు లేదు.