తామరయు కలువయు



చెరువులో తామరయు కలువయు ప్రక్కప్రక్కనే పెరుగుచుండుట మీరెల్లరు చూచినదే. రెండింటికిని వేళ్లు బురదలో, పూవులు నీటిపై. ఒకచోటఁ బుట్టినవి గనుక దాయాదులే యని తలఁచితిమి. నేను చదువుకొన్న వృక్షశాస్త్ర గ్రంథమును అట్లే చెప్పెను. పరీక్షలో నట్లే వ్రాసి ఉత్తీర్ణుఁడనైతిని. పిదపఁ బెక్కేండ్లు పిల్లలకు బోధించితిని గూడ. ఆ పాఠము తప్పని నాకుఁ దెలియునప్పటికి వారెక్కడెక్కడికో వెడలిపోయిరి.

తప్పు పాతది. స్వీడను దేశీయుఁడగు లిన్నేయసు 1753లో వెలువరించిన గ్రంథమునఁ దామరను కలువలలో నొక జాతిగాఁ జేర్చెను. ఫ్రాన్సు పండితుఁడు అడాన్సను 1763లో దానికి నెలుంబో అను వేఱు ప్రజాతి నేర్పఱచెను. ఆ పేరు సింహళ భాషనుండి వచ్చినది. అయినను ఇంటిపేరు మాఱలేదు. బెంథాము, హూకరు అను ఆంగ్లేయులు 1862లో మొదలిడిన మహాగ్రంథమునను రెండును కలువ కుటుంబముననే యున్నవి. మన కళాశాలలలోఁ జిరకాలము చెల్లినది ఆ పద్ధతియే.

సాక్ష్యము చెరువులోనే యున్నది. కలువాకు ఒకప్రక్క చీలియుండి నీటిపైఁ దేలును. తామరాకు చీలిక లేని గొడుగు. లేఁతనాఁడు తేలినను, పిదప నీటిని విడిచి పైకి లేచును, నీటిచుక్క నంటనీయదు. కలువకాయ నీట మునిఁగి పండును. తామరగింజలు దుద్దులోని గుంటలలో గాలిలోనే ముదురును. సూక్ష్మదర్శినిలోఁ జూచినఁ గలువ పుప్పొడి రేణువునకు ఒకటే గాడి, తామరకు మూఁడు. కవులు తామరను సూర్యునికి, కలువను చంద్రునికిఁ బంచియిచ్చిరి గాని ఆ గుర్తు నమ్మఁదగినది కాదు. నల్లకలువ పగలే విచ్చును.

జీవకణములలోని వంశద్రవ్యమును చదువు విద్య 1990 తరువాతఁ బ్రబలినది. దానినిబట్టి పలుదేశముల పండితులు కూడి 1998లో క్రొత్త వర్గీకరణమును బ్రకటించిరి. అందుఁ దామర, కాశ్మీరపు చినారు చెట్టునకును, అరకు కాఫీతోఁటలలో నీడకై పెంచు సిల్వరు ఓకు చెట్టునకును జ్ఞాతి! నేను నమ్మలేక రెండుమాఱులు చదివితిని. కలువయో, పూచుమొక్కలలో మిక్కిలి తొలుత విడివడిన శాఖలలోనిదని 1999లోఁ దేలినది. నీటి బ్రతుకు రెండింటికి నొకే వేషము వేసినది, నెత్తురు వేఱు.

తామర వెడలినను కలువకుఁ గ్రొత్త చుట్టములు దొరకినవి. గడ్డిపరకలవలె నుండి, గడ్డికే దగ్గఱివని యెంచఁబడిన హైడటెల్లేసీ అను చిన్నచిన్న నీటిమొక్కలు 2007లోఁ గలువ సరసకుఁ జేరినవి. వానిలో నొకటి మన దేశముననే, కొంకణ తీరమున మొలచుచున్నది.