పటంలో మిగిలిన ఒప్పందాలు

సర్కారు జిల్లాలు, దత్తమండలాలు, సికింద్రాబాదు. ఈ మూడు పేర్ల వెనకా ఒకటే కథ ఉంది: నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య నడిచిన సైనిక మైత్రి. అది ఏయే మలుపులు తిరిగిందో గమనిస్తే, అరువు సైన్యం ఎంత ఖరీదైనదో తెలుస్తుందని నాకనిపిస్తుంది.

మొదట్లో ఇద్దరిదీ ఇంచుమించు సమాన హోదాయే. 1766 ఒప్పందంలో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కార్లను కంపెనీకి వదిలాడు. బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ కడతానంది, అవసరమైతే సైన్యం పంపుతానంది. అంటే అప్పట్లో డబ్బు రావలసింది హైదరాబాదుకే! మరుసటి ఏడే నిజాం హైదర్ అలీతో చేతులు కలిపాడు. 1768లో మళ్ళీ కంపెనీతో రాజీపడ్డాడు. పక్షం మార్చే స్వేచ్ఛ ఆయనకింకా ఉందన్నమాట.

1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధం వచ్చినప్పుడు కంపెనీ తటస్థంగా ఉండిపోయింది. నిజాం ఓడిపోయి, ఆ కోపంతో ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచాడు. కంపెనీకి ఇది మింగుడుపడలేదు. 1798 ఒప్పందంతో ఫ్రెంచి దళం రద్దయింది. దాని స్థానంలో కంపెనీవి ఆరు బెటాలియన్లు; ఏటా 24 లక్షల పైచిలుకు ఖర్చు మాత్రం నిజాముది. ఆ సిపాయిల కంటోన్మెంటుకే తర్వాతి నిజాం సికందర్ జా పేరు పెట్టారు.

అసలు దెబ్బ 1800లో పడింది. సైన్యాన్ని ఇంకా పెంచి, ఈసారి రొక్కం బదులు భూమి తీసుకున్నారు. మైసూరు యుద్ధాల్లో 1792లో, 1799లో నిజాం వాటాకు వచ్చిన కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీపరమయ్యాయి. మిత్రుడితో కలిసి గెలిచిన నేల ఆ మిత్రుడి సిపాయిల జీతాలకే పోయింది. పైగా కంపెనీకి చెప్పకుండా ఇతర రాజ్యాలతో సంప్రదింపులు జరపకూడదని షరతు. ఆ తర్వాత కూడా దీన్ని మైత్రి అనే రాశారు గానీ, నా లెక్కలో అది అక్కడితో అయిపోయింది. 1853లో కంటింజెంటు సైన్యం బాకీల కింద బీరారు పోవడం దాని కొనసాగింపే.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో అక్కడి రైతుని అడిగినవాళ్ళు లేరు. నిజాం 'దత్తం' చేసిన జిల్లాలన్న పేరు మాత్రం వందేళ్ళకు పైగా అతన్ని అంటిపెట్టుకుంది. 1928లో నంద్యాల సభలో దాన్ని పక్కనపెట్టి 'రాయలసీమ' అన్నారు. ఆ ఒప్పందానికి ప్రజలు ఆలస్యంగా చెప్పిన జవాబు అదేననుకుంటాను.